ఆడ క్లౌన్‌ఫిష్ చనిపోయింది, మగదానికి జత ఎలా కలపాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ. ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో నాలుగేళ్లుగా ఆసెల్లారిస్ రకం క్లౌన్‌ఫిష్ జంట ఉండేది. రెండు వారాలకోసారి గుడ్లు పెట్టేవి. పోయిన ఆదివారం పొద్దున ఆడది పంపు వెనక చనిపోయి కనిపించింది. ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. మగది ఇప్పటికీ గుడ్లు పెట్టిన కుండపెంకు దగ్గరే తిరుగుతోంది, మేత సరిగా ముట్టడం లేదు. చూస్తుంటే చాలా బాధగా ఉంది.

ఆడది పోతే మగదే ఆడదిగా మారుతుందని తెలుసు. అందుకే ఇంకో పెద్ద ఆడ చేపను తెస్తే కొట్టుకుంటాయని టెన్షన్. బాగా చిన్న చేపపిల్లను తెచ్చి, నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి చూద్దామనుకుంటున్నాను. ఆ తర్వాత కలిపేయొచ్చా, లేక మా మగది పూర్తిగా ఆడదిగా మారేదాకా ఆగాలా? మీ చేపలు మళ్లీ గుడ్లు పెట్టడానికి ఎన్నాళ్లు పట్టింది? ఇలా జత కలిపినవాళ్లు దయచేసి చెప్పండి.