68 జీబీ గేమ్: ఒకే ఫైలా, పార్టులా?

కావలి కిట్టు: కొనుక్కున్న గేమే, ఫోల్డర్ 68 జీబీ. నెల్లూరు హాస్టల్లో దించాను, ఊళ్ళో కంప్యూటర్‌కి తీసుకెళ్లాలి. ఒకే రార్ (ఫైళ్ళన్నీ కుదించి కట్టిన మూట) చేస్తే, పెన్‌డ్రైవ్‌లో 100 జీబీ ఖాళీ ఉన్నా "ఫైల్ చాలా పెద్దది" అని ఆగిపోతోంది. 2 జీబీ పార్టులు చెయ్యమని ఒకడు, అది పాత పద్ధతని ఇంకొకడు. ఏం చెయ్యమంటారు?

ఒంగోలు గిత్త: పార్టులు దేనికి తమ్ముడూ? నీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, అంతే సంగతి. లోపలున్నవి వేరేచోట దాచుకుని, ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసెయ్. అసలు రార్ కూడా వద్దు, ఫోల్డర్ అట్లాగే కాపీ కొట్టు. గేమ్‌లో టెక్స్చర్లు (బొమ్మల మీది పైపూతలు), సౌండ్లు, వీడియోలు చాలావరకు ముందే కుదించి ఉంటాయి, మళ్ళీ కుదిస్తే గంటలకొద్దీ టైమ్ పోవడమే తప్ప సైజు పెద్దగా తగ్గదు.

పెన్నా గట్టు: పెన్‌డ్రైవ్ వరకు అన్న చెప్పిందే కరెక్ట్. నెట్‌లో పంపేటప్పుడు మాత్రం పార్టులు చెయ్యాల్సిందే. పోయిన ఎండాకాలం నేను తయారుచేసిన గేమ్ ప్రాజెక్టుని సింగరాయకొండలో మా తమ్ముడికి 2 జీబీ చొప్పున 31 పార్టులుగా పంపాను. కరెంటు పోతూ వస్తూ మూడు రోజులు దించాడు. తీరా విప్పబోతే పార్ట్17 దగ్గర సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఆ పార్ట్ పాడైందని. వాడికి ఏడుపొక్కటే తక్కువ. ఆ ఒక్క పార్టే మళ్ళీ దించాడు, అరగంటలో పనైపోయింది. ఒకే ఫైలైతే మొత్తం మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఒంగోలు గిత్త: రెజ్యూమ్ ఉంది కదా, ఆగిన చోటి నుంచే దిగుతుంది.

పెన్నా గట్టు: రెజ్యూమ్ ఆగిపోయినదాన్ని కొనసాగిస్తుంది అన్నా, పాడైనదాన్ని బాగుచెయ్యదు. రార్ అయితే ఏ పార్ట్ చెడిందో పేరుతో చెబుతుంది, ఎందుకంటే ప్రతి పార్టుకీ దాని చెక్‌సమ్ (చెడిందో లేదో సరిచూసే అంకె) దానికే ఉంటుంది. రార్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ 7జిప్‌లో .001, .002 అని చేసేవి ఉత్తినే కోసిన ముక్కలు, ఎక్కడ చెడిందో వాటిలో తేలదు. పాత పద్ధతి అనేవాళ్ళకి ఇంకో మాట: గేములమ్మే స్టీమ్ యాప్ గేమ్ దించేది కూడా దాదాపు 1 ఎంబీ ముక్కలుగానే, ఒక్కోదాన్నీ విడిగా సరిచూసుకుంటూ.

ఒంగోలు గిత్త: ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఒక్క పార్ట్ దొరక్కపోతే మిగతా 30 ఉన్నా గేమ్ నడవదు. పార్టులకి 68, విప్పడానికి ఇంకో 68, హార్డ్ డిస్క్‌లో రెండింతల చోటు కావాలి. ఇది ఎవరూ ముందు చెప్పరు, సగంలో డిస్క్ నిండాక తెలుస్తుంది.

పెన్నా గట్టు: అందుకే రార్ చేసేటప్పుడే రికవరీ వాల్యూములు (.రెవ్ అనే అదనపు ఫైళ్ళు) పెట్టమనేది. మూడు .రెవ్ ఫైళ్ళు చేస్తే, ఏ మూడు పార్టులు పోయినా తిరిగి కట్టుకుంటుంది. పోయాక చేద్దామంటే కుదరదు.

కావలి కిట్టు: ఎక్స్‌ఫ్యాట్ చేశాను, ఫోల్డర్ కాపీ అవుతోంది. పాత ఫొటోలు ముందే తీసి పెట్టుకున్నా. ఒంగోల్లో ఉన్న మా బావకి నా ప్రాజెక్టు ఫైళ్ళు పంపేటప్పుడు మాత్రం 1 జీబీ పార్టులు, మూడు రెవ్‌లు పెడతా, వాళ్ళింట్లో నెట్ మరీ స్లో.