వరదముద్రలో ఉన్నది ఏ వరద?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్ల ఒక బుద్ధ విగ్రహం ఫొటో ఉంది. పద్మాసనంలో కూర్చున్న బొమ్మ. కుడిచెయ్యి మోకాలి మీంచి కిందికి దిగి ఉంటది, అరచెయ్యి మన దిక్కు. దాన్ని వరదముద్ర అంటరని మా పాపకు చెప్పిన. "వరదలు ఆపే ముద్రనా నాన్నా?" అనడిగింది. కాదు బిడ్డా, వరమిచ్చే ముద్ర అన్న. "మరి చేతుల ఏం లేదు గద, ఆయనే చెయ్యి చాచినట్టుంది" అన్నది. దీనికి నా దగ్గర జవాబు లేదు. కనీసం ఆ రెండు వరదలకు చుట్టరికం ఉందో లేదో పెద్దలు చెప్పాలె.

జవాబు 1

లేదండీ. ముద్రలోని వరద సంస్కృతం: వరం ఇచ్చేది. చివరి 'ద'కు ఇచ్చేది అని అర్థం. నీళ్లిచ్చేది జలద, మేఘం. ధనమిచ్చేవాడు ధనదుడు, కుబేరుడు. ఇక వాగుల్లో వచ్చే వరద మన తెలుగు మాట. పాత పుస్తకాల్లో బండి ర పెట్టి 'వఱద' అని రాసేవారు. ఆ అక్షరం వాడుకలోంచి పోయాక రెండు మాటలూ ఒక్క తీరుగా కనిపిస్తున్నాయి.

జవాబు 2 (పెద్దపల్లి నుంచి)

మా జిల్లా ధూళికట్ట స్తూపం పలకల మీద అసలు బుద్ధుడి రూపమే లేదు, కాబట్టి ఏ ముద్రా లేదు. ముచిలింద నాగు పలక మాత్రం చూడదగ్గది. జ్ఞానోదయం తర్వాత ఏడు రోజులు ముసురు పడితే బుద్ధుడికి పడగ పట్టిన నాగరాజు అతనే. వానల సంగతి వచ్చింది గనుక గుర్తుకొచ్చి రాసిన.

జవాబు 3 (వరంగల్ నుంచి)

పాప అడిగిన రెండో ప్రశ్నే అసలైంది. చాలా ఏండ్లు తెలుగు పాఠాలు చెప్పిన, నన్ను ఏ పిల్లా ఈ మాట అడగలేదు.

ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అనేది మన భాషలో బలంగా నాటుకున్న భావన. మన బమ్మెర పోతన పద్యమే తీసుకోండి. వామనుడికి దానమిచ్చే ముందు బలి, లక్ష్మీదేవి కొప్పు మీద ఆడిన ఆ చెయ్యి "క్రిందగుట మీదై నా కరంబుంట మేల్గాదే" అని పొంగిపోతాడు. ఈ లెక్కన చూస్తే బుద్ధుడి చెయ్యి కింద ఉండడం తికమకగానే ఉంటుంది.

అయితే బలి ఆ క్షణంలో చేస్తున్న పనేమిటి? నీళ్లు ధారపోస్తున్నాడు. దానమిచ్చేవాడు పుచ్చుకునేవాడి చేతిలో నీళ్లు పోస్తే గాని ఆ దానం పూర్తి కాదు. అందుకే "ఆస్తంతా ధారపోసిండు", "బతుకు ధారపోసిండు" అంటాం. దేనిమీదైనా ఆశ చంపుకొమ్మని చెప్పేటప్పుడు "దానికి నీళ్లొదులుకో" అంటాం. నాకైతే ఆ మాటలోనూ ఈ నీళ్లే వినిపిస్తయి. బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన విశ్వంతర జాతకంలోనూ ఇంతే. రాజకుమారుడు పట్టపుటేనుగును బ్రాహ్మణులకు నీళ్లు పోసే ఇచ్చేస్తాడు. పల్నాటి గోలి స్తూపం వాళ్లు ఆ కథను పలకల మీద చెక్కించుకున్నరు.

ఇప్పుడు విగ్రహం చూడండి. వేళ్లు కిందికి, అరచెయ్యి బయటికి. అడుక్కునే చెయ్యి దోసిలిలా గుంటపడి పైకి తిరిగి ఉంటది. ఇది అట్ల లేదు. అందులో ఏది పోసినా నిలవదు, జారిపోతది. నా కంటికి అది ధారపోసిన చెయ్యి. 'చేతికి ఎముక లేదు' అని మనవాళ్లు దాతను మెచ్చుకునే మాటకు ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. ఐదు వేళ్లకు దానం, శీలం, క్షాంతి, వీర్యం, ధ్యానం అని ఐదు పారమితలు, అంటే బుద్ధుడు కావడానికి సాధించాల్సిన గుణాలు, చెప్పే వివరణ కూడా ఒకటుంది. పారమితల్లో మొదటిది దానమే.

ఒక జాగ్రత్త. భూమిని తాకే భూస్పర్శముద్రలోనూ కుడిచెయ్యి మోకాలి మీంచే దిగుతది, కాని అరచెయ్యి లోపలికి. జావాలోని బోరోబుదూరులో తూర్పు దిక్కు బుద్ధులు భూస్పర్శలో, దక్షిణం దిక్కువాళ్లు వరదంలో ఉంటరు. దక్షిణానికి అధిపతి రత్నసంభవుడనే బుద్ధుడు, పసుపు వన్నెవాడు, అందరినీ సమానంగా చూసే జ్ఞానం ఆయనది. ఇచ్చేటప్పుడు మనిషిని బట్టి కొలత మార్చకపోవడమే అక్కడి ఔదార్యం.

నన్ను ఎక్కువ కదిలించేది ఆ భూస్పర్శ కథ. నువ్వు దానాలు చేసినవనడానికి సాక్షి ఎవరని, ధ్యానం చెడగొట్టడానికి వచ్చిన మారుడు అడిగితే, బుద్ధుడు నేలను తాకి విశ్వంతరుడి జన్మలో చేసిన దానాలకు భూమినే సాక్షిగా పిలుస్తాడు. థాయిలాండ్, కంబోడియా వైపు ఈ కథ ఇంకా ముందుకు పోయింది. భూదేవి పైకి వచ్చి తన జడ పిండుతుంది. జన్మజన్మల్లో ఆయన దానమిస్తూ ధారపోసిన నీళ్లన్నీ ఆ జుట్టులోనే ఉన్నయి. అవి పొంగి మారుడి సైన్యాన్ని కొట్టుకుపోతయి.

మాటల పుట్టుకలో రెండు వరదలకు చుట్టరికం లేదు, మొదటి జవాబు నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మీ పాప అన్న వరద ఆ కథలో ఉంది. ఆపే వరద కాదు, దానంలోంచి పుట్టిన వరద. ఆమెకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

సార్, చదివి వినిపించిన. ఫొటో మళ్లా కిందికి దించి చూసినం. అరచెయ్యి బయటికే ఉంది, వరదముద్రే. జడ పిండే భూదేవి బొమ్మ కావాలంటున్నది ఇప్పుడు. మా అమ్మ పక్కనుంచి, కన్యాదానంల నీళ్లు పోసేది గూడ ఇదే గదరా అన్నది. ధారపోసుడు కాకుండ మీ ఊర్లల్ల దీనికి వేరే మాట ఉంటే రాయండి, రాసిపెట్టుకుంట.