మందం దాదాపు ఒకటే, ఎంఏఎస్ మాత్రం రెట్టింపు: లోపం ఏఈసీదేనా?

ప్రశ్న (మామోగ్రఫీ టెక్నీషియన్):
నమస్కారం అండి. మా డిజిటల్ మామోగ్రఫీ యంత్రాన్ని ఎప్పుడూ ఆటో మోడ్‌లోనే, అంటే ఎక్స్‌పోజర్‌ను యంత్రంలోని ఏఈసీయే నిర్ణయించేలా వాడతాము. నిన్న ఒకామెకు సీసీ వ్యూలు (పై నుంచి కిందికి తీసే చిత్రాలు) తీస్తే, కుడి రొమ్ము మందం 52 మిల్లీమీటర్లకు 70 ఎంఏఎస్ (ఎక్స్‌రే కిరణాల మొత్తాన్ని తెలిపే అంకె) వచ్చింది. ఎడమ 49 మిల్లీమీటర్లే ఉన్నా 148 చూపించింది. కేవీ (కిరణాల శక్తి), ఫిల్టర్ రెండు వైపులా ఒకటే. చిత్రాలు రెండూ బాగానే ఉన్నాయి గానీ, ఆమెకు అనవసరంగా డోసు ఎక్కువ ఇచ్చానేమోనని మనసు కుదుటపడటం లేదు. ఇంజనీరును పిలవమంటారా?

సమాధానం (మెడికల్ ఫిజిసిస్ట్):
అంతకంటే ముందు, ఆమెకు ఎడమ వైపు ఆపరేషన్ ఏమైనా జరిగిందేమో చెప్పండి మేడమ్.

ప్రశ్న అడిగినవారు:
జరిగిందండి. మూడేళ్ల కిందట గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారట. ఆ చోట నాలుగు క్లిప్పులు కనిపిస్తున్నాయి.

సమాధానం (మెడికల్ ఫిజిసిస్ట్):
అయితే కారణం చాలావరకు అక్కడే ఉంటుంది. అసలు ఎక్స్‌పోజర్‌కు ముందు యంత్రం చాలా తక్కువ ఎంఏఎస్‌తో ఒక ప్రీ-ఎక్స్‌పోజర్ ఇచ్చి, డిటెక్టర్‌పై కిరణాలు అన్నిటికంటే తక్కువగా చేరిన చోటును వెతికి, ఆ చోటు స్పష్టంగా కనబడేందుకు ఎంత ఎంఏఎస్ కావాలో లెక్క కడుతుంది. అక్కడ లోహపు క్లిప్పులు ఉంటే, కొన్ని యంత్రాలు వాటినే దట్టమైన గ్రంథి కణజాలంగా భావిస్తాయి. రేడియేషన్ తరువాత రొమ్ము వాచి, చర్మం మందమై నిజంగానే దట్టపడి ఉండవచ్చు కూడా; అప్పుడు ఆ పెంపు న్యాయమైనదే. ఏఈసీ ఎంచుకున్న చోటును మీ తెరపై చూసే వీలుంటే, ఈ రెంటిలో ఏది జరిగిందో తెలుస్తుంది. క్లిప్పుల మీద ఉంటే, ఇకమీదట ఆమెకు సెన్సర్ స్థానాన్ని మీరే పక్కకు జరిపి తీయండి. ఇంప్లాంట్లు ఉన్నవారికి, ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టకుండా తీసే వ్యూలలో మాన్యువల్ వాడమనేదీ ఇందుకే.

సమాధానం (సీనియర్ రేడియోగ్రాఫర్):
ఫిల్మ్ రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్మ్ నల్లబడి, తప్పు వెంటనే బయటపడేది. డిజిటల్‌లో యంత్రమే వెలుగును సరిచేసి చూపుతుంది కాబట్టి ఎంఏఎస్ చదివినవారికి తప్ప తెలియదు. మీరు చదివారు, అదే గొప్ప విషయం. అయినా రొమ్ముకు బదులు 2, 4, 6 సెంటీమీటర్ల అక్రిలిక్ పలకలు పెట్టి ఒకసారి పరీక్షించండి. ఒకే మందానికి మళ్లీ మళ్లీ తీసినప్పుడు ఎంఏఎస్ 5 శాతానికి మించి మారకూడదు. రొమ్మును నొక్కే ప్యాడిల్ చూపే మందాన్ని కూడా స్కేలుతో సరిచూడండి. ఆ అంకె తప్పితే కేవీ, ఫిల్టర్ ఎంపిక కూడా తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. ఏఈసీ గుర్తించిన చతురస్రం సరిగ్గా క్లిప్పుల మీదే ఉంది. వచ్చే ఏడాది ఎవరు తీసినా తెలిసేలా ఆమె ఫైల్‌లో రాసిపెట్టాను. పలకల పరీక్ష రేపు ఉదయం చేస్తాను.