దండీలతోనే ఛాతీ పెరుగుతుందా, బరువులు ఎత్తక తప్పదా?

ప్రశ్న: చాలా నెలలుగా రోజూ దండీలు (పుషప్స్) తీస్తున్నాను. మొదట్లో పది తీసేసరికి చేతులు వణికేవి, ఇప్పుడు ఆపకుండా నలభై దాకా తీస్తాను. ఛాతీ మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. జిమ్‌లో చేరి బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువు పైకి నెట్టడం) కొడితే తప్ప రాదంటున్నారు. నిజమేనా?

జవాబు 1: జిమ్ తప్పనిసరి కాదండీ. నలభై తీస్తున్నారంటే ఆ బరువు మీకు తేలికైపోయింది, అదీ అసలు సంగతి. మామూలు దండీలో ఒంటి బరువులో సుమారు 65 నుంచి 75 శాతం చేతుల మీద పడుతుంది, కిందికి దిగినప్పుడు ఎక్కువ. 70 కిలోల మనిషికి అది 45 నుంచి 52 కిలోలు. కొత్తవాళ్లకి అది గట్టి బరువే. బలం పెరిగాక కూడా అదే బరువు ఉంటే ఓపిక పెరుగుతుంది గానీ కండ పెద్దగా పెరగదు. బెంచ్ ప్రెస్‌లో అయితే అటొక చిన్న ప్లేటు, ఇటొకటి వేస్తే చాలు. బరువులతో ఉన్న పెద్ద సుఖం అదే.

2017లో వచ్చిన ఒక జపాన్ అధ్యయనంలో ఒక బృందం దండీలు, ఇంకో బృందం అంతే భారం ఉన్న తేలికపాటి బెంచ్ ప్రెస్ 8 వారాలు చేశాయి. రెండింట్లోనూ ఛాతీ కండ ఇంచుమించు ఒకేలా పెరిగింది. సెట్‌కి, అంటే ఆపకుండా తీసే ఒక్కో విడతకి, 5 నుంచి 30 మధ్య ఎన్నయినా తీయండి. ఆపేటప్పటికి ఇంకొకటో రెండో మించి రాకూడదు, అంతే.

ప్రశ్న: మరి ఇంట్లో బరువు పెంచేదెలా?

జవాబు 2: ముందు కాళ్లు ఎత్తు మీద పెట్టండి, భారం పెరుగుతుంది, ఛాతీ పై భాగానికీ పని పడుతుంది. తర్వాత వీపుకి బ్యాగు తగిలించుకుని అందులో పుస్తకాలు వేస్తూ పోండి. నాకు వీటన్నిటికన్నా నచ్చేది ఇంకొకటి ఉంది: రెండు చేతుల కిందా కదలని దిమ్మలు పెట్టి, ఛాతీ అరచేతుల కన్నా కిందికి దిగేలా తీయడం. కండ పూర్తిగా సాగుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మెల్లగా దిగితే పదిహేను కూడా కష్టమవుతాయి, చూడండి. మోచేతులు భుజాలకి అడ్డంగా చాచకుండా ఒంటికి 45 డిగ్రీల దగ్గర ఉంచండి, నడుము జారనివ్వకండి.

రోజూ వద్దు. వారానికి రెండు మూడు సార్లు, అన్నీ కలిపి 10 సెట్ల పైన, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు. ప్రోటీన్ కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాములు ఉండేలా చూసుకోండి. చాలామందికి అసలు లోటు అక్కడే.

జవాబు 3: బరువుల తరఫున ఒక మాట. దండీల్లో కొందరికి ఛాతీ కన్నా ముందు ట్రైసెప్స్ (జబ్బ వెనక కండలు) అలసిపోతాయి. వాళ్లకి డంబెల్ ఫ్లైస్ (వెల్లకిలా పడుకుని, డంబెల్స్ పట్టిన చేతులు పక్కలకి చాచి మళ్లీ పైకి కలపడం) బాగా పనికొస్తాయి, అందులో మోచేయి పెద్దగా వంచక్కర్లేదు. బాగా బలం వచ్చినవాళ్లకి బ్యాగులో పుస్తకాలు ఎన్నని పట్టించగలం? అక్కడికి వచ్చాక బార్‌బెల్ (రెండు చివర్లా ప్లేట్లు వేసే పొడవాటి కడ్డీ) దగ్గరికి వెళ్లడమే తేలిక. మీరింకా అంత దూరం రాలేదు, కంగారు పడకండి.

ప్రశ్న: కాళ్లు ఎత్తి తీస్తే మణికట్టు నొప్పెడుతోంది. మానేయాలా?

జవాబు 2: దండీలు మానకండి, అరచేయి ఆనించడం మానండి. షట్కోణపు డంబెల్స్ గానీ పుషప్ హ్యాండిల్స్ గానీ పట్టుకుంటే మణికట్టు వంగదు. అయినా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.