సైకెడెలిక్‌ని తెలుగులో ఏమందాం?

ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ రెండు రోజులుగా 'సైకెడెలిక్' (ఎల్‌ఎస్‌డీ లాంటి, ఎరుకను మార్చే మందులకు వాడే పేరు) అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. పేపర్లవాళ్ళు 'మత్తు పదార్థం' అని సరిపెట్టేస్తారు. కాస్త జాగ్రత్తపడేవాళ్ళు 'భ్రాంతికారకం' అంటారు. నాకు రెండూ మింగుడుపడటం లేదు.

అసలు ఈ మాట పుట్టిందే అలాంటి పేర్లు వదిలించుకోవడానికి. హంఫ్రీ ఆస్మండ్ అని కెనడాలో పనిచేసిన బ్రిటిష్ సైకియాట్రిస్టు. 1953 మేలో లాస్ ఏంజెలెస్‌లో హక్స్‌లీకి మెస్కలిన్ (ఒక రకం కాక్టస్ మొక్కలో ఉండే అలాంటి మందు) ఇచ్చింది ఆయనే. అప్పటి డాక్టర్లు ఈ మందులకు 'పిచ్చిని అనుకరించేవి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. హక్స్‌లీ మాత్రం ఆ రోజు కూజాలోని మూడు పువ్వుల్ని, తన ప్యాంటు మడతల్ని కొత్తగా పుట్టిన లోకాన్ని చూసినట్టు చూశాడు. మెదడు ఒక కుళాయి లాంటిదని, బతకడానికి కావలసినంత ఎరుకనే లోపలికి వదులుతుందని, మెస్కలిన్ ఆ బిగింపును కాస్త సడలిస్తుందని ఆయన ఊహ. ఈ అనుభవానికి తగిన పేరు కోసం 1956లో ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. హక్స్‌లీ 'ఫానెరోథైమ్' అన్నాడు. ఆస్మండ్ 'సైకెడెలిక్' అన్నాడు. గ్రీకులో సైకీ అంటే మనసు, డెలౌన్ అంటే కనబడేలా చేయడం.

ఇప్పుడు మన 'మత్తు' చూడండి. మా అమ్మమ్మకు ఆపరేషన్ అయినప్పుడు వార్డు బయట అందరూ అడిగింది ఒకటే: "మత్తు దిగిందా? తెలివొచ్చిందా?" మత్తు ఉన్నంతసేపూ తెలివి లేనట్టే. అంటే కుళాయి పూర్తిగా కట్టేసినట్టు. హక్స్‌లీ చెప్పేది దానికి సరిగ్గా తలకిందులు. ఇక 'భ్రాంతి' అన్నామంటే చూసిందంతా అబద్ధమని ముందే తీర్పు ఇచ్చేశాం. అది నిజమో కాదో తేల్చాల్సింది అనువాదకుడు కాదు కదా.

నాకు తట్టింది 'మనసు విప్పే మందు'.

— (గుంపులో ఒకరి కామెంట్) బాగుందండీ, కానీ మనసు విప్పడం అంటే ఎదుటివాళ్ళతో దాపరికం లేకుండా మాట్లాడటం. ఇది తనకు తాను కనబడటం. 'మనోవికాసకం' అంటే?

— (నా జవాబు) మీరన్నది నిజమే, ఆ అర్థం అడ్డొస్తుంది. అయితే 'వికాసం' అనడానికి మనసొప్పడం లేదండీ. ఆస్మండ్ 'సైకెడెలిక్' అనే మాటను ఒక రెండు పాదాల పద్యంలో పెట్టి హక్స్‌లీకి పంపాడు. నరకం లోతు చూడాలన్నా, దేవతల్లా ఎగరాలన్నా చిటికెడు చాలని దాని భావం. వికాసం అంటే ఆ నరకం జారిపోతుంది. భయంతో వణికిపోయినవాళ్ళ అనుభవం కూడా ఆ పేరులో ఇమడాలి. ప్రస్తుతానికి 'మనసును చూపే మందు' అని రాసుకున్నాను. గుంపులో సైకియాట్రీ డాక్టర్లుంటే, పేషెంట్లతో తెలుగులో ఏమంటారో చెప్పండి.