చైనా హైస్కూలు విద్యార్థుల ఇంగ్లీషు లిజనింగ్, రీడింగ్ సామర్థ్యాలను విడివిడిగా కొలవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. నేను ఇంగ్లీషు బోధనలో పరిశోధన చేస్తున్నాను. చైనాలో సీనియర్ హైస్కూలు రెండో సంవత్సరం చదువుతున్న 40 మంది విద్యార్థులకు, అక్కడి ఉపాధ్యాయురాలి సహకారంతో ఒక పరీక్ష పెట్టబోతున్నాను. వారి కాలేజీ ప్రవేశ పరీక్ష అయిన గావ్‌కావ్ పాత ప్రశ్నపత్రం ఇచ్చి చూస్తే, రీడింగ్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న కొందరికి లిజనింగ్‌లో సగం కూడా రాలేదు. దీనికి కారణం తెలుసుకునే మార్గం చెప్పగలరా?

మొదటి సమాధానం:
పాత ప్రశ్నపత్రం పనికిరాదని అనను గాని, దాని నిర్మాణం గమనించకుండా మార్కులు చూస్తే పొరబడతాం. ఇప్పుడు చాలా ప్రావిన్సులలో వాడుతున్న జాతీయ ప్రశ్నపత్రంలో మొత్తం 150 మార్కులకు లిజనింగ్‌కు 30, రీడింగ్‌కు 50 కేటాయించారు. లిజనింగ్‌లో 20 ప్రశ్నలుంటాయి. మొదటి 5 చిన్న సంభాషణలను ఒక్కసారే వినిపిస్తారు, మిగిలినవాటిని రెండుసార్లు వినిపిస్తారు. ప్రతి ప్రశ్నకూ ఇచ్చే జవాబులు మూడే కనుక, చెవులు మూసుకుని గుర్తులు పెట్టిన విద్యార్థికి కూడా సగటున 10 మార్కులు వస్తాయి. అంటే మీరు చెప్పిన 15 లోపు మార్కులలో ఎక్కువ భాగం అదృష్టం వల్ల వచ్చినవే కావచ్చు.

రీడింగ్‌లోనూ ఒక చిక్కు ఉంది. ఏడు వాక్యాలలోంచి ఐదింటిని ఎంచి ఖాళీలు నింపే భాగంలో ఒక వాక్యం తప్పుచోట పెడితే, అది మరో ఖాళీకి దక్కవలసిన జవాబును కూడా పోగొడుతుంది. ఆ 5 ప్రశ్నలను ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా లెక్కించకండి.

ఇక అసలు విషయానికి వస్తే, ఇంచుమించు సమానమైన కష్టం గల రెండు పాఠ్యభాగాలు తీసుకుని, 20 మందికి మొదటిది వినిపించి రెండోది చదివించండి. మిగిలిన 20 మందికి దీన్ని తారుమారు చేయండి. ఆ తరువాత ప్రతివారికీ తాము విన్నదాని లిఖిత ప్రతిని ఇచ్చి మళ్ళీ జవాబులు రాయించండి. చదివినప్పుడు సులువుగా రాయగలిగితే, ఆ మాటలు కంటికి తెలిసినవే గాని చెవికి తెలియనివన్నమాట. చదివినా రాకపోతే లోపం పదసంపదలోనో వాక్యనిర్మాణంలోనో ఉన్నట్టు.

చెవి దగ్గరే చిక్కు ఉందని తేలితే, ఎనిమిది పది మాటల వాక్యాలతో చిన్న డిక్టేషన్ పెట్టండి. మాండరిన్ అక్షరాల చివర న్, ఙ్ వంటి అనునాసికాలు తప్ప ఇతర హల్లులు దాదాపు ఉండవు. అందువల్ల ‘ఆస్క్’, ‘ఆస్క్‌డ్’ మధ్య తేడా, బహువచనపు ‘స్’ వారి చెవికి తేలికగా జారిపోతాయి. (బస్‌ను బస్సు చేసుకున్న మనకు ఇది కొత్తేమీ కాదు.) మాండరిన్‌లో అతనికీ ఆమెకూ ఉచ్చారణ ఒకటే, రాతలోనే తేడా. కాబట్టి ‘హీ’, ‘షీ’ల మీద ఆధారపడే ప్రశ్నలను విడిగా గుర్తించి పెట్టుకోండి. పెద్ద సంఖ్యలూ అంతే: మిలియన్‌ను మనం పది లక్షలని మార్చుకున్నట్టే వారు వంద ‘వాన్’లని, అంటే వంద పదివేలని, మార్చుకోవాలి. ఆ లోపల రికార్డింగు ముందుకు సాగిపోతుంది.

తిరుగు ప్రశ్న:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండి. జవాబులను ఇంగ్లీషులోనే రాయించాలా?

మొదటి సమాధానమిచ్చినవారు:
వద్దు, చైనీస్‌లో రాయనివ్వండి. ఇంగ్లీషులో రాయమంటే అర్థం చేసుకున్న విద్యార్థి కూడా రాయలేక మార్కులు పోగొట్టుకుంటాడు. అప్పుడు మీరు కొలిచేది రాతను. అయితే చైనీస్ తెలిసిన ఇద్దరు విడివిడిగా దిద్దాలి, తేడా వచ్చినచోట కూర్చుని తేల్చుకోవాలి.

మరొక సమాధానం:
పై సలహాలకు ఒకటి కలుపుతాను. పరీక్షకు ముందు, ఈ 40 మందిలో లేని కొందరికి పాఠ్యభాగం ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే ఇచ్చి చూడండి. గావ్‌కావ్‌కు సాధన చేసిన పిల్లలకు జవాబుల వరుసను ముందే చదివి ఊహించే నేర్పు బాగా ఉంటుంది. పాఠం చూడకుండానే ఎక్కువమంది సరిగా గుర్తించిన ప్రశ్నలను నిర్దాక్షిణ్యంగా తీసివేయండి. ఫలితాలను వర్ణించడానికి 2018లో చైనా విడుదల చేసిన 9 స్థాయిల ఇంగ్లీషు సామర్థ్య ప్రమాణాలను వాడుకోవచ్చు; అందులో లిజనింగ్, రీడింగ్‌లకు వేర్వేరు వర్ణనలున్నాయి.

స్పీకరు సంగతి కూడా ఆ ఉపాధ్యాయురాలితో ముందే మాట్లాడండి. చివరి బెంచీలో కూర్చుని ఆవిడే ఒకసారి రికార్డింగు వినాలి.