120 వోల్టుల పాత హూవర్ అప్‌రైట్: ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలా, 230కి చుట్టించాలా?

లక్ష్మి_అడయార్

అందరికీ నమస్కారం. 1950ల నాటి అమెరికన్ హూవర్ అప్‌రైట్ వాక్యూమ్ క్లీనర్ ఒకటి బాగుచేయాలి. ప్లేటు మీద 120 వోల్టులు, 5 ఆంపియర్లు, ఏసీ గానీ డీసీ గానీ అని ఉంది. పై హుడ్ అల్యూమినియం. వైరు రెండు కోర్లది, ఎర్తింగ్ లేదు. ఇంతవరకు కరెంటు ఇవ్వలేదు. చేత్తో తిప్పితే మోటార్ తిరుగుతోంది.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే, మన 230 వోల్టుల్ని దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనమన్నారు. మిక్సీ మోటార్లు చుట్టే షాపులో మాత్రం "విప్పేసి 230కి చుట్టేస్తాం, ట్రాన్స్‌ఫార్మర్ మోత ఎందుకమ్మా" అన్నారు. రెండు మాటలూ సబబుగానే వినిపిస్తున్నాయి. ఏది చేయాలో కారణాలతో సహా చెప్పండి.

వైండింగ్_బాబాయి

చుట్టించేయండి లక్ష్మి గారూ. ఇది యూనివర్సల్ మోటార్, అంటే ఏసీ మీదా డీసీ మీదా నడిచేది. మన మిక్సీలో ఉండేదీ ఈ జాతిదే, కాబట్టి చెన్నైలో దీన్ని చుట్టగల చేతులకు కొదవ లేదు. డెబ్బై ఏళ్ల ఇన్సులేషన్‌ని ఈ ఉప్పుగాలిలో నమ్ముకుని ఎన్నాళ్లు నడుపుతారు? పైగా ఊడ్చే మెషీన్ వెనకాల గదిగదికీ ఇనప ముద్దను ఈడ్చుకు తిరగాలంటే ఇక దాన్ని వాడేదెవరు?

లెక్క ఇది. 230ని 120తో భాగిస్తే 1.92. ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) ప్రతి కాయిల్‌లో చుట్లు 1.92 రెట్లు పెంచాలి. తీగ మందాన్ని 1.39తో భాగించాలి (1.92కి వర్గమూలం). ఉదాహరణకి పాతది 0.50 మి.మీ. తీగతో 14 చుట్లు ఉంటే, కొత్తది 0.36 మి.మీ. తీగతో 27 చుట్లు. దాని చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్స్‌కీ ఇదే లెక్క. కరెంటు 5 నుంచి 2.6 ఆంపియర్లకు దిగుతుంది, కార్బన్ బ్రష్‌ల మీద భారం సగమవుతుంది.

రాగితీగ

బాబాయ్, చుట్ల లెక్క సరిగ్గా ఉంది. కానీ కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనుకునే రాగి బార్ల చక్రం) సంగతి చెప్పలేదు. తీగ మారుతుంది, చుట్లు మారతాయి, రాగి బార్లు మాత్రం అవే ఉంటాయి. 24 బార్లు ఉన్నాయనుకోండి. రెండు బ్రష్‌ల మధ్య 12 బార్లు. 120 దగ్గర పక్కపక్క బార్ల మధ్య సగటున 10 వోల్టులు. 230కి చుట్టాక అదే చోట 19.

ఇంకొకటి. బ్రష్ కింద నుంచి కాయిల్ దాటేటప్పుడు దానిలో కరెంటు దిశ మారాలి. కాయిల్ ఇండక్టెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు 3.7 రెట్లు. కరెంటు సగమైనా, ఆ క్షణంలో అడ్డుపడే వోల్టేజ్ 1.9 రెట్లు అవుతుంది. అదే నిప్పురవ్వలుగా కనిపిస్తుంది. 120 కోసం గీసిన కమ్యుటేటర్, 120 కోసం ఎంచిన బ్రష్ వెడల్పు. వాటిమీద 230 పెడితే బార్ల అంచులు తొందరగా కాలతాయి.

సన్నతీగ చుట్టినప్పుడు స్లాట్‌లో (తీగ కూర్చునే గాడి) ఎనామెల్ వాటా పెరిగి రాగి వాటా తగ్గుతుంది. చాలామంది వైండర్లు సులువుగా దూరాలని తీగ ఇంకో గేజ్ సన్నం చేస్తారు. మోటార్ వేడెక్కేది అక్కడే.

అన్నిటికన్నా ముఖ్యం: బాగున్న ఒరిజినల్ వైండింగ్‌ని ఒకసారి కోస్తే మళ్లీ రాదు. ట్రాన్స్‌ఫార్మర్‌ని రేపు పక్కన పెట్టేయవచ్చు.

వైండింగ్_బాబాయి

నువ్వు చెప్పిన 19 వోల్టులు మిక్సీలో రోజూ నడుస్తున్నవే తమ్ముడూ. 24 బార్ల మిక్సీ ఆర్మేచర్లు 230 మీద దీనికంటే ఎక్కువ వేగంతో తిరుగుతున్నాయి. బార్లు 22కి తగ్గకపోతే నాకు అభ్యంతరం కనిపించదు. బ్రష్ మాత్రం కొంచెం గట్టి గ్రేడ్ వేయాలి.

రీవైండింగ్ తర్వాత రవ్వలు రావడానికి అసలు కారణం చాలాసార్లు వోల్టేజ్ కాదు, లీడ్ తప్పడం. ఏ స్లాట్‌లోని కాయిల్ కొస ఏ బార్‌కి వెళుతోందో పాతది కోయకముందే గుర్తు పెట్టాలి. ఈ మోటార్లు ఒకే దిశలో తిరుగుతాయి, కాబట్టి కొసల్ని కావాలనే ఒకటి రెండు బార్లు పక్కకి జరిపి కడతారు. అది చూడకుండా తిన్నగా కట్టేస్తే ఎంత మంచి తీగ వేసినా చక్రంలా మంట తిరుగుతుంది. స్లాట్‌కి పంచ్ గుర్తు, బార్‌కి పంచ్ గుర్తు, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు. ఇవి లేకుండా కత్తెర పట్టే షాపుకి ఆర్మేచర్ ఇవ్వొద్దు.

రాగితీగ

లీడ్ విషయంలో మీ మాటే నిజం బాబాయ్, అది అందరూ రాసిపెట్టుకోవాలి. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆర్మేచర్ కాలిందని తెలియకుండా కోయడం ఎందుకు? కాలి ఉంటే ఎలాగూ చుట్టాలి, అప్పుడు 230కే చుట్టించమని నేనూ అంటాను. ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూడాలి, గ్రౌలర్ (చుట్ల మధ్య షార్ట్ పట్టే పరికరం) మీద పెట్టి చూడాలి.

పెరంబూర్_శీను

మధ్యలో ఒక సందేహం. ఒక డయోడ్ సిరీస్‌లో పెడితే సగం వేవ్ ఆగిపోతుంది కదా, 230 సగమై 115 వస్తుంది. వంద రూపాయల్లో పని అయిపోదా? లేదంటే ఫ్యాన్ రెగ్యులేటర్?

రాగితీగ

శీనూ, సగం రాదు. హాఫ్ వేవ్ ఆర్‌ఎంఎస్ (వేడి లెక్కలో సరితూగే వోల్టేజ్) అంటే 230ని 2తో కాదు, 1.414తో భాగించాలి. 163 వోల్టులు వస్తాయి. 120 మోటార్‌కి అది మూడోవంతుకి పైగా ఎక్కువ. వేగం పెరుగుతుంది, ఫ్యాన్ మీద లోడ్ ఇంకా పెరుగుతుంది, వైండింగ్ మాడుతుంది. రెగ్యులేటర్ నాబ్‌ని 120 దగ్గర నిలిపినా, వేవ్ శిఖరం దాదాపు 300 వోల్టులు. పాత ఇన్సులేషన్‌కి ఆ దెబ్బ పడుతూనే ఉంటుంది. ఎవరైనా నాబ్ పూర్తిగా తిప్పారంటే ఇక చెప్పేదేముంది.

ఎర్త్_పిన్

ఇంతసేపూ మోటార్ ప్రాణం గురించే మాట్లాడుతున్నారు. పట్టుకునే మనిషి గురించి కూడా చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏ ట్రాన్స్‌ఫార్మర్?

బజార్లో ఇచ్చేది నూటికి తొంభై పాళ్లు ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఒకటే వైండింగ్, మధ్యలో ట్యాప్. ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ ఒక వైరు కామన్. అది న్యూట్రల్‌కే రావాలి. గోడలో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే క్లీనర్‌కి వెళ్లే రెండు వైర్లూ లైవే, ఒకటి 230 మీద, ఇంకొకటి 115 మీద. అంతకన్నా చెడ్డది, కామన్ భాగం తెగితే మోటార్ ఆ వైండింగ్ పై సగంతో సిరీస్‌లో పడి దాదాపు మెయిన్స్ వోల్టేజ్ మొత్తం తింటుంది. లోహపు హుడ్, ఎర్త్ లేని వైరు, మొజాయిక్ నేల మీద చెప్పుల్లేని కాళ్లు. ఈ మూడూ కలిసిన చోట ఆటో వద్దంటాను.

ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ప్రైమరీ, సెకండరీ విడివిడిగా చుట్టినది. 230/115కి ఆటోలో కోర్ సైజు లోడ్‌లో సగానికే సరిపోతుంది. ఇందులో పూర్తి లోడ్‌కి కావాలి, అందుకే దాదాపు రెట్టింపు బరువు, దానికి తగ్గ ధర. అయినా న్యాయమైన ధరే.

5 ఆంపియర్లు × 120 = 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). స్టార్టింగ్‌లో కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి 1000 వీఏ చెప్పండి. 750 వీఏది కూడా నడుపుతుంది కానీ స్టార్ట్‌లో వోల్టేజ్ కుంగుతుంది. ఇన్‌పుట్‌లో 6 ఆంపియర్ల సీ-కర్వ్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడే స్విచ్). దానికన్నా తొందరగా పడే బీ-కర్వ్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన క్షణంలోనే పడిపోవచ్చు.

చేతిలో ఇమిడే 1600 వాట్ల ట్రావెల్ కన్వర్టర్ అసలు వద్దు. దాని లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. హీటర్‌కీ ఇస్త్రీపెట్టెకీ చేసినది, మోటార్‌కి కాదు.

వైండింగ్_బాబాయి

అంత బరువున్నది ఇంట్లో ఎక్కడ పెడతారు?

ఎర్త్_పిన్

హాల్లో ఒక మూల, కదపకుండా. క్లీనర్‌కే 7 మీటర్ల కొత్త వైరు వేయాలి. ఆ పాత రబ్బరు వైరుని ఎలాగూ ఉంచకూడదు. 1 చదరపు మి.మీ. మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వేయండి. మూడో కోర్‌ని మోటార్ బాడీ స్క్రూ కింద పెయింట్ గీకి, పళ్ల వాషర్‌తో బిగించాలి. హుడ్‌కీ హ్యాండిల్‌కీ మధ్య పెయింట్ ఉంటే కంటిన్యుటీ (కరెంటు పోయే తెగని దారి) దొరకదు, మీటర్ పెట్టి చూడండి. అర ఓమ్ దాటితే ఇంకో జంపర్ వేయాల్సిందే.

ఒక హెచ్చరిక. ఇంటి ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి లీకైతే కరెంటు కోసే స్విచ్) ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దాటాక లీకేజ్‌ని చూడలేదు. ఆటోలో చూస్తుంది. దీన్ని పట్టుకుని కొందరు ఆటోయే మేలంటారు. నేను ఒప్పుకోను. సెకండరీని ఎర్త్‌కి కలపకుండా వదిలితే మొదటి ఫాల్ట్‌లో కరెంటు తిరిగి వెళ్లే దారే ఉండదు. కాకపోతే ఆ మొదటి ఫాల్ట్ మనకు తెలియదు కూడా. అందుకని ఆరు నెలలకోసారి మెగ్గర్ తప్పదు.

లక్ష్మి_అడయార్

అందరికీ ధన్యవాదాలు. మోటార్ విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో చూపించాను. ఫీల్డ్ నుంచి బాడీకి 12 మెగోమ్స్. ఆర్మేచర్ నుంచి షాఫ్ట్‌కి 0.4 మాత్రమే. గ్రౌలర్ మీద షార్ట్ లేదు. 26 బార్లు. బ్రష్‌లు 5 మి.మీ. మిగిలాయి. ఇప్పుడు చుట్టించాల్సిందేనా?

వైండింగ్_బాబాయి

0.4 అంటే 1 మెగోమ్ కన్నా తక్కువ, ఫెయిల్. 26 బార్లు ఉన్నాయి కాబట్టి 230కి భయం లేకుండా చుట్టవచ్చు.

రాగితీగ

తొందరపడకండి బాబాయ్. ఫీల్డ్ 12 చూపిస్తూ ఆర్మేచర్ ఒక్కటే పడిపోయిందంటే ముందు కార్బన్ పొడిని అనుమానించాలి. బ్రష్‌లు అరిగిన పొడి కమ్యుటేటర్ వెనక చుట్ల మధ్య, షాఫ్ట్ దగ్గర పేరుకుంటుంది. కార్బన్ కరెంటుని మోస్తుంది. పైన చెన్నై తేమ. గ్రౌలర్‌లో షార్ట్ లేదంటే రాగి బాగున్నట్టే.

మెత్తని బ్రష్‌తో దులపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కమ్యుటేటర్ చివర రెండు మూడుసార్లు తుడవండి. బార్ల మధ్య గాడుల్లో పొడిని సన్నటి చెక్కపుల్లతో తీయండి. ఆల్కహాల్ పూర్తిగా ఆవిరయ్యాక అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు కింద ఆరేడు గంటలు. 80 డిగ్రీలు దాటనివ్వద్దు, పాత వార్నిష్, ఫైబర్ ముక్కలు ఓర్వవు. చల్లారాక మళ్లీ కొలవండి.

లక్ష్మి_అడయార్

శుభ్రం చేసి ఆరబెట్టాక 7 మెగోమ్స్ వచ్చింది. బాబాయి గారూ, ఇప్పుడు మీరేమంటారు?

వైండింగ్_బాబాయి

7 వస్తే కోయమని నేను అనను తల్లీ. కానీ అలాగే బిగించేయకండి. ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానల్లో మళ్లీ కిందకి దిగుతుంది. ఆరబెట్టిన వేడి ఇంకా ఉండగానే గాలికి ఆరే ఇన్సులేటింగ్ వార్నిష్ చుట్ల మీద పల్చగా పూయించండి. కమ్యుటేటర్‌కి, బేరింగ్ కూర్చునే చోటుకి ముందే టేప్ చుట్టాలి. ఓవెన్‌లో 130 డిగ్రీల్లో కాల్చే రకం వద్దు. మరుసటి ఏడాది మెగ్గర్ మళ్లీ 1 కిందకి వస్తే మాత్రం అప్పుడు నా మాట వినాలి.

బ్రష్‌లు మార్చాల్సిందే, 6 మి.మీ. లోపు ఉన్నాయి. మిక్సీ బ్రష్ కొని అరగదీసి దూర్చే అలవాటు ఉంది. వెడల్పు సరిపోవచ్చు, గ్రేడ్ వేరు. 120 మోటార్‌లో కరెంటు రెట్టింపు, గట్టి గ్రేడ్ వేడెక్కి స్ప్రింగ్‌ని మెత్తబరుస్తుంది. పాత ముక్క చూపించి అలాంటి మెత్తని గ్రేడే అడగండి. కొత్తవి పెట్టాక కమ్యుటేటర్ మీద సన్న గ్లాస్ పేపర్ చుట్టి బ్రష్ ముఖాన్ని దాని వంపుకి అరగదీయాలి. ఎమరీ పేపర్ వాడకూడదు, దాని పొడి గాడుల్లో ఇరుక్కుంటే షార్ట్.

రాగితీగ

మొదటిసారి నడిపేటప్పుడు డిమ్మర్‌స్టాట్ (వోల్టేజ్‌ని నాబ్‌తో మార్చే ట్రాన్స్‌ఫార్మర్) అద్దెకి తెచ్చి 40 వోల్టుల నుంచి మెల్లగా పెంచండి. ఫ్యాన్ తీసేసి ఉంటే 40 దాటొద్దు. ఇలా ఫీల్డ్, ఆర్మేచర్ ఒకే వరసలో ఉన్న సిరీస్ మోటార్‌కి లోడ్ లేకపోతే వేగానికి హద్దుండదు, చుట్లు బయటికి విసిరేస్తుంది.

ఫ్యాన్‌నీ ఒకసారి చూడండి. ఈ పాత అప్‌రైట్లలో దుమ్ము సంచిలోకి పోయేముందు ఫ్యాన్ మధ్య నుంచే పోతుంది. నాణెం, రాయి తగిలి రెక్క అంచు విరిగి ఉంటే బ్యాలెన్స్ పోయి కొత్త బేరింగ్ కూడా ఎక్కువ రోజులు నిలవదు. ఫ్యాన్ నట్ ఎటు తిరుగుతుందో మరలు చూసి తేల్చుకోండి, కొన్ని ఎడమ మరలవి. బెల్ట్ బిగుసుకుని గట్టిపడి ఉంటుంది, పాత సాగిన కొలతకి కాకుండా రెండు పుల్లీల దూరం కొలిచి కొనండి. గుడ్డ సంచిని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. తిరగేసి దులిపి ఎండలో వేస్తే చాలు.

ఎర్త్_పిన్

ప్లగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికన్ రెండు పట్టీల ప్లగ్‌ని అలాగే ఉంచితే, మన ఇళ్లలోని యూనివర్సల్ సాకెట్లలోకి అది నేరుగా దూరిపోతుంది. ఎవరో పనిమనిషో పిల్లలో గోడకి పెట్టారంటే 120 మోటార్‌కి 230 తగిలి నిమిషాల్లో పోతుంది. క్లీనర్ వైరుకి 16 ఆంపియర్ల 110 వోల్టుల పసుపు ఇండస్ట్రియల్ ప్లగ్, ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌కి అదే రకం సాకెట్ వేయించండి. ఎర్త్ పిన్‌తో కలిపి మూడు పిన్నులు ఉంటాయి. గుండ్రటి ఆ ప్లగ్ ఇంట్లో ఏ సాకెట్‌లోకీ ఎక్కదు. ఫ్యాక్టరీలకి సామాను అమ్మే ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ చేయించేటప్పుడే ఈ సాకెట్ చూపిస్తే డబ్బాకి రంధ్రం వాళ్లే వేసి బిగించి ఇస్తారు.